రెండో మూత

"నీళ్లు నిండుగనే ఉన్నయి, చూస్కోండి మేడం," అంటూ ఆస్పత్రి యజమాని డాక్టర్ గజేందర్ సంపు మూత ఎత్తించాడు.

తనిఖీకి వచ్చిన సింధుజ వంగి చూసింది. నీళ్లు అంచుదాకా ఉన్నాయి. కుళాయిలు బందైనా రెండు రోజులు ఆస్పత్రి నడిచేంత నిల్వ ఉందని ఆమె రాసుకుంటే చాలు, గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ వచ్చినట్టే. దాన్ని తగిలించడానికి గోడకు మేకు కూడా కొట్టించి పెట్టుకున్నాడు మహానుభావుడు! ఫొటోలకు సిద్దిపేట విలేకరులందరినీ పిలిపించాడు.

పూలకుండీల దగ్గరున్న తోటమాలి ముత్తయ్యకు ఒళ్లు మండిపోయింది. పోయిన ఎండాకాలం పైపు పగిలి నీళ్లు బందైనప్పుడు ఇక్కడే డయాలసిస్ మధ్యలో ఆగిపోయింది. ఆ మంచం మీదున్నది అతని భార్య చంద్రవ్వ. సంపు ఖాళీ అయింది, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. ప్రజ్ఞాపూర్ దాటకముందే ఆమె ప్రాణం పోయింది.

దినాలు కాగానే ముత్తయ్య వచ్చి ఇక్కడే పని అడిగాడు. గజేందర్ మారుమాట లేకుండా ఇచ్చాడు. అప్పటినుంచీ ముత్తయ్యకు ఒకటే పగ. చంద్రవ్వను పొట్టన పెట్టుకున్నవాళ్లు మంది ముందు తల దించుకోవాలి. ఆ రోజు కోసమే పళ్లు బిగబట్టి మొక్కలకు నీళ్లు పోశాడు.

సింధుజ పెన్ను తీసింది.

"జర ఆగున్రి మేడం. ఇంకో మూత ఉన్నది," అన్నాడు ముత్తయ్య.

గజేందర్ మొహం మాడిపోయింది. నీ పని నువ్వు చూసుకోమని కసిరాడు. ముత్తయ్య వినిపించుకోకుండా కుండీలు జరిపి, వాటి కింది మూత లేపాడు. లోపల చుక్క నీళ్లు లేవు, అంతా బూజే. కారుతున్న సంపును బాగు చేయించకుండా, పోయిన ఎండాకాలానికి ముందే మధ్యలో అడ్డగోడ పెట్టించి, అప్పటినుంచీ చిన్న భాగం మాత్రం నింపుతున్నారు.

కెమెరాలు అటు తిరిగాయి. సర్టిఫికెట్ వచ్చే ప్రసక్తే లేదని సింధుజ అందరి ముందే తేల్చేసింది. గజేందర్ తల దించుకుని లోపలికి నడిచాడు.

ముత్తయ్య పగ ఇంకా చల్లారలేదు.

"ఆయనొక్కడే గాదు మేడం. ఎందుకని అడుగకుంట గీ గోడ కట్టినోడు ఇంకొకడున్నడు. వాని పేరు గూడ రాయున్రి. వాన్ని ఇడిశిపెట్టద్దు."

వాడెవడని ఆమె అడిగింది.

"మేస్త్రీలు పని అయినంక పచ్చి సిమెంటు మీద పేరు గీస్తరు. లైటు కొట్టి సూడున్రి."

సింధుజ సెల్‌ఫోన్ లైటు లోపలికి వేసింది.

గోడ మీద 'ముత్తయ్య మేస్త్రీ' అని గీసి ఉంది.