పసుపు పూసిన జుంటీగ

“తేనెటీగలుంటే చూపించు, చెట్టు జోలికి రాను. లేకపోతే రేపు పొద్దున జేసీబీ వస్తుంది,” అన్నాడు అర్బాబ్ పోచన్నతో, అరబ్బీ కలిసిన హిందీలో.

అరబ్బు దేశంలో, బర్కా ఊళ్లోని ఆ ఖర్జూరతోటకు యజమాని ఆయనే. తోటలో ఈతకొలను కట్టి, సెలవు రోజుల్లో అద్దెకు ఇవ్వాలని ఆయన ఆశ. కొలనుకు అడ్డం రేగుచెట్టు. రేగుచెట్టుకు అడ్డం ఆయన తల్లి. అది జుంటీగల ఇల్లు, ఇల్లు కూల్చడం పాపం అంటుంది ఆవిడ. ముళ్లకొమ్మల్లో పట్టు ఎక్కడ పెట్టాయో ఆ తోటలో ఎవరూ చూడలేదు గానీ, వాటి మోత మాత్రం కింద కూర్చున్నవాళ్లందరికీ తెలుసు.

పనివాళ్లు అక్కడి వాళ్లలాగే అమ్మా అనడానికి మామా అని పిలిచే ఆ ముసలావిడకు కళ్లు ఆనవు. కొడుకు వెళ్లగానే తోటలో పనిచేసే పోచన్న చొక్కా పట్టుకుని లాగింది.

“నువ్వు చెప్పు పోచన్నా, ఉన్నాయి కదా? మూడు రోజులుగా నాకు వినపడటం లేదు. కళ్లు పోయాయి, ఇప్పుడు చెవులు కూడా పోయినట్టున్నాయి.”

పోచన్న చెట్టెక్కి కొమ్మ కొమ్మా వెతికాడు. ముళ్లు గీరుకున్నాయి, పూత రాలింది. ఒక్క ఈగ లేదు. దిగి ఆ ముసలి మొహం చూస్తే లేవని చెప్పడానికి నోరు రాలేదు.

“ఉన్నయ్ మామా, నీ చెవులు మంచిగనే ఉన్నయ్,” అన్నాడు. అన్నాక ఇక వెతకక తప్పదు కదా!

కారుతున్న కొళాయి దగ్గర రెండు రకాల ఈగలు నీళ్లు తాగుతున్నాయి. పెద్దవి పెట్టెల్లో పెంచే రకం. వాటి పక్కన ఒకటి, చీమకు రెక్కలొచ్చినంత ఉంది. నడుం దగ్గర ఎరుపు, తోక వైపు నలుపూ తెలుపూ చారలు. పోచన్నకు ప్రాణం లేచొచ్చింది. సొంతూళ్లో తుమ్మకొమ్మల్లో చూసిన జుంటీగే!

రూమ్‌కి పరుగెత్తి, కూరలో వేసే పసుపు చిటికెడు తెచ్చి, కోడి ఈకతో దాని వీపు మీద అద్దాడు. పెళ్లికూతురిలా తయారైంది. “పోయి రా తల్లీ,” అన్నాడు. అది ఎగిరిపోయింది. అంకెలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. మూడు వందలు దాటకముందే పసుపు వీపుతో మళ్లీ వచ్చి వాలింది. అంటే ఇల్లు దగ్గర్లోనే ఉంది.

ఈసారి దాని వెంట నడిచాడు. ఎండలో పసుపు చుక్క మెరిసేది, ఖర్జూరపు నీడలో కరిగిపోయేది. పోయిన చోటే నిలబడితే కాసేపటికి అటుగా ఇంకోటి వెళ్లేది. గడ్డిమడుల్లో నీళ్లు మెల్లగా పాకుతున్నాయి. సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి వస్తోంది. నడుస్తున్నది బర్కాలోనో జగిత్యాల చెలకల్లోనో అతనికే తెలియడం లేదు. డ్యూటీ మరిచిపోయాడు, తిండి మరిచిపోయాడు. ఎంత హాయిగా ఉందో! అలా నడుస్తూనే ఉండిపోవాలనిపించింది.

పొద్దు వాలేసరికి ఈగ ఒక కంచె దాటింది. పోచన్నా దాటాడు. పక్క తోటలో, మామిడిచెట్టు పొట్టి కొమ్మకు అరచెయ్యంత పట్టు. దాని నిండా జుంటీగలు. మసీదులో అజాన్ మొదలైంది. అజాన్ కింద, సన్నగా, అదే మోత. పోచన్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. కత్తి తీసి కొమ్మ మీద పెట్టాడు.

“ఎవురది?”

ఆ తోటలో పనిచేసే గులాం నబీ, కడప మనిషి. పోచన్న చేతిలో కత్తి జారిపోయింది.

“నబీ భాయ్, దొంగతనమే, తప్పే,” అని చేతులు జోడించాడు. “గీ పట్టు నాకియ్యి. తెల్లారి మా రేగుచెట్టుకు ఈగలు కనవడకుంటే జేసీబీ పెట్టి కూలగొడ్తరు. ఆ ముసలామె తట్టుకోదు. ఎన్నడులేనిది మూడు రోజుల సంది చెట్టు మీద ఒక్క ఈగ లేదు భాయ్!”

గులాం నబీ పట్టు వైపు చూశాడు. తర్వాత తలమీద చెయ్యి పెట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

“తీస్కపోన్నా, మీదే,” అన్నాడు చివరికి. “మీ మాను కొట్టేస్తాండారని విని, పాపం ఈగలు యాడికి పోతాయిలే అని, శుక్రవారం నేనే దించి తెచ్చి ఈడ కట్టినా!”