చాల్లే అన్న గూడు

పాడుబావి మీదికి వంగిన ఈతచెట్టుకు ఓ గిజిగాడు గూడు అల్లాడు. అది గాలికి ఊగిపోకుండా లోపల తడిమట్టి మెత్తడం ఒక్కటే మిగిలింది.

"చాల్లేరా తమ్ముడూ, బాగానే ఉందిగా! గాలెక్కడుంది?" అంది పక్కనున్న పాతగూటిలోంచి ఓ గొంతు.

అలసటతో రెక్కలు నొప్పెడుతున్న గిజిగాడికి ఆ మాట తీయగానే తోచింది. "ఎవరన్నా నువ్వు?" అంటూ వెళ్ళి తొంగిచూశాడు.

లోపల ఎవరూ లేరు. మట్టీ లేదు. ఆకైనా కదలని ఆ ఎండలో ఆ గూడు మాత్రం ఊగుతోంది. కింద బావినీళ్ళ మీద గుడ్డుపెంకులు తేలుతున్నాయి.

గిజిగాడు గిరుక్కున వెనుదిరిగాడు. ఎగిరిపోయి ముక్కునిండా మట్టి తెచ్చాడు.

"చాల్లేరా," అంది అదే గొంతు. ఈసారి అది వాడి సొంత గూటిలోంచే వచ్చింది.

గిజిగాడు లోపలికి దూరాడు. గొంతు వచ్చిన చోటే మొదటి ముద్ద మెత్తాడు.