మౌస్ ముట్టని సాబిరా

“పదకొండున్నరకి కైకలూరు బస్సండీ! అది తప్పిందంటే మా షాపు ప్రారంభం బ్యానరు లేకుండానే అయిపోద్ది,” సత్తిరాజు మూడోసారి అన్నాడు. కైకలూరులో రొయ్యల మేత షాపు పెడుతున్నాడాయన.

ఏలూరులో ఫ్లెక్సీలు అప్పుడప్పుడే దిగుతున్న రోజులవి. ఫ్లెక్సీ షాపు ఓనరు రాజరత్నానికి ఆ పొద్దుటే ఆపరేటరు చెప్పాపెట్టకుండా మానేశాడు. అదే సమయానికి పని అడగడానికొచ్చిన సాబిరాని నేరుగా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేశాడు.

“చూడమ్మా, రొయ్య బొమ్మతో డిజైను తెరిచే ఉంది. పాత పేరు తీసేసి ఈయన పేరు, ఊరు, తేదీ వేసి మధ్యకి సర్దాలి, అంతే. అరగంటలో చేస్తే రేపట్నుంచి పనిలోకి వచ్చెయ్. లేదంటే మరేమీ అనుకోవద్దు.”

“అలాగేనండి,” అంది సాబిరా.

ఎదురు టీకొట్టు బల్ల మీద భర్త జానీ కూర్చుని ఉన్నాడు. ఎనిమిదేళ్లు డీటీపీ ఆపరేటరుగా చేసినవాడు. ఏడాది కిందట ప్రెస్సులో కాగితాలు కోసే మిషన్ కింద పడి కుడిచేతి వేళ్లు పోయాయి. అప్పట్నుంచి ఇల్లు ఎలా గడుస్తోందో ఆ దేవుడికే తెలియాలి. ఈ ఉద్యోగం కూడా రాకపోతే పిల్లల్ని వెంటబెట్టుకుని పుట్టింటి గడప తొక్కాల్సిందే. జానీ అక్కడికి రానంటాడు. అది తలుచుకుంటేనే సాబిరాకి ఏడుపొస్తోంది.

“జానీ భార్యవటగా. పని ఆయనే నేర్పాడా?” అడిగాడు రాజరత్నం.

“అవునండి. ఆర్నెల్లు రోజూ కూర్చోబెట్టి నేర్పారండి.”

“ఇంకేం! గురువు గట్టివాడే.”

సాబిరా కీబోర్డు అంచులు ఓసారి తడిమి చూసుకుంది. తర్వాత ట్యాబ్ కీ కొట్టింది. మళ్లీ కొట్టింది. డిజైనులో ఒక్కో ముక్కనే ఎంచుకుంటూ వెళ్లి నాలుగోసారికి పాత పేరు దగ్గర ఆగింది. కంట్రోల్, షిఫ్ట్, టి. అక్షరాలు మార్చే పెట్టె తెరుచుకుంది. సత్తిరాజు పేరులో మొదటి అక్షరం నొక్కిందో లేదో, సససససస అంటూ బారులు తీరిపోయింది.

“ఓరి నాయనో, నా పేరు!” అన్నాడు సత్తిరాజు.

“మరీ అంత అదిమి పట్టకమ్మా. కొత్త కీబోర్డు, ముట్టుకుంటే చాలు,” అన్నాడు రాజరత్నం.

చెమట తుడుచుకుని చెరిపేసింది. ఈసారి మెల్లగా కొట్టింది. పేరు పడింది, ఊరు పడింది. ఇంతలో మోచెయ్యి మౌస్‌కి తగిలి తెర మీద బాణం సర్రున పక్కకి పోయింది. సాబిరా ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకుంది.

“మౌస్ పట్టుకోవేంటమ్మా?”

“అక్కర్లేదండి.”

రాజరత్నం కనుబొమలు ఎగరేశాడు. మౌస్ పట్టుకుని మెనూల్లో గంటలకొద్దీ దేవులాడే ఆపరేటర్లతో విసిగిపోయిన మనిషాయన.

పాత తేదీ తీసెయ్యాలి. కంగారులో అన్నిటినీ కలిపి ఎంచేసుకుందో ఏమో, డిలీట్ నొక్కగానే పేరూ ఊరూ రొయ్య బొమ్మా అన్నీ ఒక్కసారే మాయమైపోయాయి. తెర మీద తెల్లకాగితం మిగిలింది.

“అయిపోయింది! నా బస్సూ పోయింది, బ్యానరూ పోయింది!” సత్తిరాజు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. “ఏవండీ, ఎవర్ని కూర్చోబెట్టారండీ?”

రాజరత్నం మొహం కూడా మాడిపోయింది. “లేమ్మా, నేను చూస్తాను,” అంటూ కుర్చీ మీద చెయ్యి వేశాడు.

సాబిరా లేవలేదు. కళ్లు గట్టిగా మూసుకుంది. పెదాలు ఏదో పాఠం వల్లిస్తున్నట్టు కదిలాయి. ఎడంచేతి వేళ్లు రెండు కిందికి వాలాయి. కంట్రోల్, జడ్.

పోయినవన్నీ తిరిగొచ్చాయి. రొయ్యతో సహా.

ఆ తర్వాత ఆమె ఆగలేదు. తేదీ మార్చింది. పి నొక్కితే పేరు కాగితం నడిమధ్యకి వచ్చి కూర్చుంది. కంట్రోల్ ఎస్ కొట్టి దాచేసింది. గడియారం పదీ యాభై చూపిస్తోంది.

“కళ్లు మూసుకుని కొట్టేస్తోందండీ బాబూ!” సత్తిరాజు నోరెళ్లబెట్టాడు.

“ఇన్నేళ్లుగా ఈ లైన్లో ఉన్నాను, మౌస్ ముట్టకుండా పని చేసినవాళ్లని చూళ్లేదు,” అన్నాడు రాజరత్నం. “రేపు తొమ్మిదింటికి వచ్చెయ్ తల్లీ.”

సాబిరా రోడ్డు దాటి టీకొట్టు దగ్గరికి వచ్చింది. జానీ లేచి నిలబడ్డాడు.

“ఏమన్నారు?”

“రేపట్నుంచి రమ్మన్నారండి.”

జానీ ఎడంచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

“కీబోర్డు ఎలా ఉంది?”

“అచ్చం మీరు అట్ట మీద గీసినట్టే ఉందండి, కాకపోతే నొక్కితే కిందికి దిగుతోంది.”