పిండి పెట్టె

“ఆ పిండి పెట్టెకి నీలం రంగు ఉండేది. పుస్తకంలో రాయలేదే?” అంది ముసలావిడ, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

రచయిత్రి కాఫీ కప్పు బల్లమీద పెట్టింది. ముందుగా ఉత్తరం రాసి, రెండు రోజులు రైల్లో ప్రయాణం చేసి వచ్చిన పాఠకురాలు మహా అయితే పుస్తకం మీద సంతకం అడుగుతుందనుకుంది. ఆమె నవల తండ్రి భాషలోకి అనువాదమై నాలుగు నెలలు కూడా కాలేదు. అది చదివి ఆ భాష మాట్లాడే చోటినుంచి వచ్చిన మొదటి మనిషి ఈవిడే. పుస్తకంలో ఉన్న సంగతులు అడిగితే సరే, లేనివి ఈవిడకెలా తెలుసు?

ముసలావిడ మాట్లాడుతున్నది తండ్రి భాష. తల్లి భాషలో ఎనిమిది నవలలు రాసి పడేసిన రచయిత్రికి ఈ భాషలో ఉన్నది మాత్రం పదేళ్ళ పిల్లకున్నన్ని మాటలే. గడియారాలు బాగుచేసుకుంటూ తండ్రి చిన్నప్పుడు నేర్పిన మాటలవి. తల్లివైపు చుట్టాలకు కొదవలేదు. నలుగురూ కలిసినచోట ఆమెను “సగం పిల్ల” అని ముద్దుగా పిలిచేవారు. ఆ ముద్దు ఆమెకు ఏనాడూ మింగుడు పడలేదు. మరి నా రెండో సగం ఏదని అడిగితే తండ్రి చెప్పే కథ ఒక్కటే.

ఊళ్ళో గొడవలు రేగాయి. పిండి నిలవచేసే కొయ్యపెట్టెలో ఒక పసివాడు దాక్కున్నాడు. కత్తులతో నలుగురు వచ్చారు. పసివాడి తల్లి గుమ్మంలోనే కూలిపోయింది. ఆమెను పొడిచినవాడే లోపలికి వచ్చి పెట్టె మూత ఎత్తాడు. పిల్లాడి ముఖమంతా పిండి, అందులో రెండు కళ్ళు తప్ప ఇంకేమీ కనిపించలేదు. వాడు కాసేపు అలాగే చూసి, మూత దించేసి, “ఇందులో ఏమీ లేదు” అని తక్కినవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ పసివాడు తండ్రేనని ఆమెకు వేరే చెప్పక్కర్లేకపోయింది. ఇది ఏ ఏడాది జరిగిందంటే తండ్రి మాట దాటేసేవాడు. తనవాళ్ళంటూ ఎవరూ మిగల్లేదని మాత్రం అనేవాడు.

రచయిత్రికి పేరు తెచ్చిన నవల ఆ కథే. మూత ఎత్తే ఘట్టం తీసెయ్యమని ఎడిటర్ పోరు పెట్టింది. చంపడానికి వచ్చినవాడు ఊరికే ఎలా వదిలేస్తాడు, చదివేవాళ్ళు నవ్విపోతారంది. కూతురి రాతల జోలికి ఎప్పుడూ రాని తండ్రి అప్పుడు పట్టుబట్టాడు. “ఏం తీసేసినా తీసెయ్యమ్మా, అది మాత్రం ఉంచు,” అన్నాడు. ఎడిటర్‌తో తగువు పడి మరీ ఉంచిందామె.

“మీరు ఆ ఇల్లు చూశారా?” అని అడిగింది రచయిత్రి.

“చూడడమేంటి, అది మా ఇల్లే.”

“అయితే, గుమ్మంలో పడిపోయినావిడ...”

“మా అమ్మ.”

ఆవిడకు చూపించిన కుర్చీలో రచయిత్రే కూర్చుంది. ముసలావిడ తండ్రికంటే చిన్నగా కనిపిస్తోంది. అంటే చెల్లెలు. చనిపోయిందని ఆయన ఇన్నేళ్ళూ అనుకున్న చెల్లెలు. నలభై ఏడేళ్ళుగా తండ్రివైపు నావాళ్ళు అని చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేక అలమటించిన రచయిత్రికి ప్రాణం లేచి వచ్చినట్టయింది.

“అత్తయ్యా,” అంది. చిన్నప్పుడు నేర్చుకున్న మాటే. ఇన్నాళ్ళూ అనడానికి మనిషే దొరకలేదు.

“తొందరపడి అలా పిలవకమ్మా. ముందు మీ నాన్నను చూడనీ,” అంది ముసలావిడ.

పాపం, ఆశ పెట్టుకోవడానికి భయపడుతోంది అనుకుంది రచయిత్రి. తండ్రికి నిరుడు పక్షవాతం వచ్చిందనీ, కుడివైపు పడిపోయిందనీ, మాట పోయినా మనుషులను మాత్రం గుర్తుపడతాడనీ చెప్పింది. ముసలావిడ తల ఊపింది. రచయిత్రి ఆవిడ చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి తీసుకెళ్ళింది.

తండ్రి కిటికీ పక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు.

“నాన్నా, ఎవరొచ్చారో చూడు. మీ ఊరి మనిషి,” అంది రచయిత్రి, తండ్రి భాషలో.

ముసలావిడ భుజానికున్న సంచీ కూడా దించకుండా మంచం దగ్గరికి వెళ్ళి, వంగి, ఆయన ముఖంలోకి చూసింది. ఆయనా చూశాడు. ఇద్దరిలో ఎవరూ చూపు తిప్పుకోలేదు. ఉన్నట్టుండి ఆయన నోరు వంకర తిరిగి, గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఎడమచేత్తో పడిపోయిన కుడిచేతిని ఎలాగో పైకి లాక్కుని రెండు చేతులూ జోడించాడు. కళ్ళ నీళ్ళు చెంపల మీదుగా గెడ్డం మీదికి కారిపోతున్నాయి. భార్య పోయిన రోజున కూడా ఆయన అలా ఏడవలేదు.

రచయిత్రి కూడా పట్టలేక ఏడ్చేసింది.

“మిమ్మల్ని వదిలేసి వచ్చానని ఇన్నేళ్ళూ లోలోపల ఎంత కుమిలిపోయారో అత్తయ్యా. క్షమించానని ఒక్క మాట అనండి. ఆయనకు వినిపిస్తుంది,” అని బతిమాలింది.

ముసలావిడ నడుం నిటారుగా చేసుకుని రచయిత్రి వైపు తిరిగింది.

“పెట్టెలో పిల్లాడి ముఖం బాగా రాశావు. ఆ పిండీ, ఆ కళ్ళూ.”

“నాన్న చెప్పినట్టే రాశాను.”

“లోపలున్నవాడికి తన ముఖం తనకెలా కనిపిస్తుందమ్మా?”

రచయిత్రి తండ్రి వైపు చూసింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, జోడించిన చేతులు మాత్రం దించలేదు.

“నాకు అన్నలు లేరు. ఆ పెట్టెలో ఉన్నది నేను ఒక్కదాన్నే,” అంది ముసలావిడ.

తర్వాత మంచం వైపు చెయ్యి చూపించింది.

“మూత ఎత్తింది ఈయన.”