సంఘం వేసిన బొమ్మ

"నా ఎర్రరంగు డబ్బా ఇలా ఇచ్చెయ్, జొలేకా."

"నీదా? సంఘంలో పెట్టిన రోజే అది అందరిదీ అయిపోయింది."

"ఇంకెక్కడి సంఘం!" పులె డబ్బా లాక్కుని సంచీ భుజాన వేసుకున్నాడు. "కొందర్ని పోలీసుల్లో చేరిన మన నల్లవాళ్ళే పట్టుకుపోయారు. కొందరు భయపడి రావడం మానేశారు. మిగిలింది మనం ముగ్గురం. ఊళ్ళో తెల్లదొర ఒకడు తన గ్యాలరీలో నాకు చోటిస్తానన్నాడు. చిందులేసేవాళ్ళనీ, నవ్వే పిల్లల్నీ వేస్తే చాలట."

వుయో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. జొహానెస్‌బర్గ్ పక్కనున్న ఆ నల్లవాళ్ళ పేటలో, చర్చి వెనక రేకుల షెడ్డులో ఈ చిత్రకారుల సంఘం పెట్టింది అతనే. ఒకరి రంగు అయిపోతే ఇంకొకరు ఇవ్వాలని, ఒకరి పొయ్యి వెలగకపోతే ఇంకొకరు సంకటి పెట్టాలని అతని ఆశ. తెల్లవాళ్ళ ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టాక ఆ ఆశ కూడా జైల్లో పడ్డట్టే ఉంది.

"నవ్వే పిల్లలు ఎక్కడున్నారు తమ్ముడూ? మొన్న శనివారం మనం మోసింది పోలీసు తూటాలకు పోయిన పిల్లల శవాల్నే కదా."

"మోశాం. మనం బొమ్మలేస్తే వాళ్ళు లేచొస్తారా? తప్పుకో అన్నా."

అప్పుడు లోపలికి వచ్చింది ఒకామె. ఒంటినిండా నల్ల శాలువా. ముగ్గురూ గుర్తుపట్టారు. శనివారం పాతిపెట్టిన కుర్రాళ్ళలో ఒకడి తల్లి. పులె చేతిలోని డబ్బా మెల్లగా కింద పెట్టాడు.

"ఇక్కడ మనుషుల బొమ్మలు వేస్తారంటగా నాయనా?"

"వేస్తాం, కూర్చోండమ్మా," అన్నాడు వుయో. "ఫోటో తెచ్చారా?"

"లేదు. నేను చెబుతాను, నువ్వు గియ్యి. కళ్ళు మూసినా ఆ ముఖం నన్ను వదలడం లేదు."

వుయో ఒక అట్ట తీసుకుని బొగ్గుతో గీయడం మొదలెట్టాడు.

"ముక్కు ఇంకా వెడల్పు... ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుంది... కాదు, అంత పెద్దవాడు కాదు. కుర్రాడే. ఇరవై దాటి ఉండవు."

వుయో చెరిపాడు, మళ్ళీ గీశాడు. దవడ కుదరలేదు. ఆమె తల అడ్డంగా ఊపింది. గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్న పులె ఆగలేకపోయాడు.

"ఇలా తే అన్నా. దవడలు నీకెప్పుడొచ్చాయి గనక!"

సంచీ మూలన విసిరి బొగ్గు లాక్కున్నాడు. జొలేకా ఎర్రరంగు మూత తీసి, మట్టిరంగులో కలిపి చర్మానికి రంగు సిద్ధం చేసింది. ఒకరు చెంపలు, ఒకరు కళ్ళు, ఒకరు జుట్టు. మూడు చేతులూ ఒకే అట్ట మీద పనిచేయడం అదే మొదటిసారి. తల్లి బాధ కాస్త తగ్గుతుందని పులె పెదాల మీద చిన్న నవ్వు పెట్టాడు. పెట్టాక అనుమానం వచ్చింది.

"తీసెయ్యమంటారా అమ్మా?"

"ఉండనీ," అంది ఆమె. "అప్పుడూ నవ్వుతూనే ఉన్నాడు."

జొలేకా తల తిప్పుకుని కళ్ళు ఒత్తుకుంది.

బొమ్మ పూర్తయింది. ఆమె దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది. వేలితో తాకబోయి వెనక్కి తీసుకుంది.

"అచ్చం అంతే. ఇలాంటివే ఇంకా కావాలి. వీధి వీధినా అంటించాలి."

"నేను దీన్ని చెక్క మీద చెక్కి ఇస్తాను," అంది జొలేకా. "ఎన్ని కావాలంటే అన్ని అచ్చేసుకోవచ్చు."

"కింద ఎవరి పేరు రాద్దాం?" అన్నాడు వుయో, తోటివాళ్ళ వంక చూస్తూ.

"సంఘం పేరే రాయి," అన్నాడు పులె. "ముందు కుర్రాడి పేరు, దాని కింద మనది."

సంఘం బతికింది. వుయో కుంచె రంగులో ముంచి, ఆమె వైపు తిరిగాడు.

"మీ అబ్బాయి పేరు చెప్పండమ్మా."

ఆమె శాలువా బిగించి కట్టుకుంది.

"మావాడి ఫోటోలు ఇంట్లో బోలెడున్నాయి నాయనా. మావాణ్ణి కాల్చిన ఈ పోలీసు పేరే నాకు తెలియాలి."