ప్రధాన పాత్రకు సున్నా

“నన్ను హీరోని చేసి రాస్తే సున్నా వేస్తారా మేడం?”

మోటార్లు బాగుచేసే మేస్త్రీ తన భార్య జవాబుపత్రాన్ని బల్లమీద పరిచాడు. చేతులకు ఇంకా గ్రీజు ఉంది. సాయంకాలపు బడిలో పెద్దవాళ్లకు సాహిత్యం చెప్పే పంతులమ్మ, మరక అంటని మూలను పట్టుకుని కాగితాన్ని తనవైపు లాక్కుంది.

“ఇంట్లో జరిగినదాన్ని కథగా రాయమన్నాను. చక్కగా రాసింది. ప్రధాన పాత్ర ఎవరని అడిగాను. ఆ జవాబు తప్పు.”

“‘నా భర్త’ అని రాస్తే తప్పా? ఇంటిపెద్ద నేను కాక పక్కింటాయన అవుతాడా? ఇదేం చదువండీ. రేపట్నుంచి పంపను. పదో తరగతి పరీక్షా వద్దు, ఏమీ వద్దు.”

“మానిపించే హక్కు మీకుందనే అనుకుందాం. ముందు ఇది చెప్పండి. ఈ కథలో ఏదో ఒకటి కావాలని తపించేది ఎవరు?”

“మా ఆవిడే. పరీక్ష రాయాలని.”

“అందుకోసం తెల్లవారకముందే లేచేది?”

“ఆవిడే.”

“వంట చేసి, పిల్లల్ని తయారుచేసి, మీ అమ్మగారికి మందులిచ్చి, పొయ్యి దగ్గర నిలబడి పాఠం చదివేది?”

“ఆవిడేలెండి.” గొంతు తగ్గింది.

“మరి మీరేం చేశారు?”

మేస్త్రీ కాగితం మీదికి వంగాడు. ఆ కథలో అతను చేసిన పనులు రెండే. చదువుతుంటే లైటు ఆర్పాడు. పుస్తకాన్ని అటక మీదికి విసిరాడు. రెండింటినీ ఆమె నిష్ఠూరమన్నది లేకుండా, చెరొక వాక్యంలో ముగించింది.

“అయితే నేను విలన్నా?”

“ప్రధాన పాత్ర కోరికకు అడ్డుపడేవాణ్ణి ప్రతినాయకుడంటారు. చెడ్డవాడే అయి ఉండక్కర్లేదు. తాను అడ్డుపడుతున్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.”

అతను కాగితం తిప్పి వెనకవైపు చూశాడు.

“కథకు ముగింపు రాయలేదేం మేడం?”

“జరగనిది ఎలా రాస్తుంది?”

మేస్త్రీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

“పరీక్ష ఎక్కడో చెప్పండి, నేనే బండి మీద దింపుతా. పిల్లల్నీ అమ్మనీ ఆ రోజు నేను చూసుకుంటాలెండి.”

“ఆ రోజేనా?”

“రోజూ.” తల గోక్కున్నాడు. “వంట మాత్రం ఎలా ఉంటుందో చెప్పలేను.”

మర్నాడు అందరికంటే ముందు మేస్త్రీ భార్య తరగతికి వచ్చింది. వస్తూనే ఆమె పంతులమ్మ రెండు చేతులూ పట్టుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి.

“మీ మేలు ఈ జన్మకు మరిచిపోను మేడం.”

“నేను చేసిందేముందమ్మా. తప్పుకు సున్నా వేశాను. అంత బాగా కథ రాసినదానివి, అంత తేలిక ప్రశ్న దగ్గర ఎలా తప్పావు?”

“తప్పలేదు మేడం. నేను బతిమాలితే ఆయన వినరు. తన పేరుకు సున్నా పడితే మాత్రం, పోట్లాడ్డానికి మీదాకా వస్తారు.”