ఏడు డబ్బీలు, ఒక సాక్సు

"ఇదీ పాడైపోయింది," అంటూ ఏడో నమూనా ముక్క ఉన్న డబ్బీ మీద కూడా చీటీ అంటించాను.

టిఫిన్ తెచ్చిన మా ఆయన ల్యాబ్ గుమ్మంలోనే ఆగిపోయారు. పెళ్లయి నలభై రోజులే. సాయంత్రంలోగా ఒక్క మంచి ముక్కైనా చూపించకపోతే ఏడు నెలల ఈ ప్రయోగం ఆపేయమన్నారు మా గైడు మేడం. ఆ మాటా ఆయనకు నవ్వుతూనే చెప్పాను, నా మొహం!

"ఇంతకీ ఏమైంది?"

"గ్రాఫీన్‌ని, అదే ఒక్క అణువు మందం ఉండే కార్బన్ పొరను, ఈ స్ఫటికం మీద పరచగానే దాని ఎలక్ట్రాన్లు కొన్ని మాయమవుతున్నాయండీ. మురికి చేరుంటుంది."

"ఏడింట్లోనూ ఒకే లెక్కన పోయాయా?"

"అచ్చంగా ఒకే లెక్క."

"మురికికి అంత క్రమశిక్షణా! కింద స్ఫటికం సంగతి చూశావా?"

"దాన్లో ఏముందని? ఎలక్ట్రాన్లన్నీ ఒకదాన్ని చూసి ఒకటి బిగుసుకు కూర్చుంటాయి. కరెంటే పారదు."

"పారకపోతే పుచ్చుకోకూడదా? నా సాక్సులు రోజూ మాయమవుతుంటే దొంగలు పడ్డారన్నానా? పక్కనున్న కాళ్లు చూశాను."

నేనూ చూసుకున్నాను. ఆయన నీలం సాక్సులు నా మడమలు దాటి వేలాడుతున్నాయి.

ఏడు నెలలుగా పక్కింటి తలుపు తట్టకుండా నా ఇల్లే ఊడ్చుకుంటున్నానన్నమాట!

చీటీలు పీకేసి మేడం గదికి పరిగెత్తాను. "మేడం, పాడైంది ముక్కలు కాదు, నా బుర్ర. ఆ ఎలక్ట్రాన్లు కింది పొరలోకి వెళ్తున్నాయేమో!"

ఆవిడ ఏడు ముక్కల కొలతల గీతలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూశారు. ఏడూ ఒక్క గీతయ్యాయి.

"రేపట్నించి కింది పొరను కొలువు," అన్నారు.

తిరిగొచ్చి మా ఆయనకు ఒక సాక్సు విప్పి ఇచ్చాను. రెండోది కొలతలు పూర్తయ్యేదాకా ఇవ్వనన్నాను.